డార్ట్‌మూర్ మీది అడవి ఎక్కడికి పోయింది?

ఇంగ్లండ్ నైరుతి మూల, డెవన్ కౌంటీలో ఉన్న డార్ట్‌మూర్ పేరు మనలో చాలామందికి షెర్లాక్ హోమ్స్ వల్లే పరిచయం. 1901-02లో ధారావాహికగా వచ్చిన బాస్కర్‌విల్స్ జాగిలం కథలో హోమ్స్ రహస్యంగా తలదాచుకునేది ఆ బీడు మీది ఒక పాత రాతి గుడిసెలో. పొగమంచు, ఊబి, నరసంచారం లేని నేల, ఎక్కడినుంచో ఒక ఊళ. ఆర్థర్ కోనన్ డాయిల్ వేసిన ఆ బొమ్మ నూరేళ్ళు దాటినా జనం మనసులో చెరగలేదు. నిజానికి అక్కడ తిరగడం చాలావరకు తేలిక. 1951 నుంచి అది జాతీయ ఉద్యానం, విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. అన్నిటికన్నా ఎత్తైన హై విల్‌హేస్ కూడా 621 మీటర్లే. అక్కడి ఉమ్మడి బీళ్ళ మీద కాలినడకన, గుర్రం మీద తిరిగే హక్కును 1985 నాటి చట్టం అందరికీ ఇచ్చింది. రాత్రి గుడారం వేసుకోవడం కూడా ఆ హక్కులో భాగమేనని 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. రోడ్డు పక్కన కారు ఆపి గంటా రెండు గంటలు నడిస్తే శిథిలాలు, అడవి, బీడు మూడూ చూసి రావచ్చు. అలా చూసి వచ్చేవాళ్ళ మనసులో సాధారణంగా ఒక వరుస ఉంటుంది. చెట్టు లేని ఆ తడి మెట్ట, అంటే మూర్, ప్రకృతి ఇచ్చినది, అనాదిగా ఉన్నది. మధ్యలో కనిపించే చిన్న ఓక్ వనం ఆదిమ అడవిలో మిగిలిన తునక. రాతి గోడలేమో మనిషి వచ్చి, ఇక్కడ బతకలేక వెళ్ళిపోయాడనడానికి గుర్తు. సాక్ష్యాలు కలిపి చూస్తే ఈ వరుస నిలవదు. మూర్‌లో ఎక్కువ భాగం మనిషి, నిప్పు, పశువు కలిసి చేసిన నేల. ఇవాళ్టికీ దాన్ని మూర్‌గా నిలుపుతున్నది వాన కన్నా ఎక్కువగా పశువుల నోరు.

ముందు శిథిలాల సంగతి. హుక్‌నీ టార్, హేమెల్‌డౌన్ అనే రెండు మిట్టల నడుమ, సుమారు 450 మీటర్ల ఎత్తున గ్రిమ్స్‌పౌండ్ ఉంది. రోడ్డు మీదనుంచి నాలుగడుగులు ఎక్కితే చాలు. దాదాపు 150 మీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా తిరిగిన రాతి ప్రహరీ, దాని లోపల 24 గుండ్రటి ఇళ్ళ పునాదులు. కాంస్య యుగం చివరి దశది, అంటే మూడు వేల ఏళ్ళ పైమాట. ఒక ఇంటి గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టిన పలకరాళ్ళు ఇంకా కదలలేదు. గుమ్మం ముందు గోడ వంపు తిరిగి ఉంటుంది, గాలి నేరుగా లోపలికి కొట్టకుండా. లోపల పొయ్యి పెట్టుకున్న చోటు, కూర్చోవడానికో పడుకోవడానికో కాస్త ఎత్తు చేసిన రాతి అరుగు. 1894లో దీన్ని తవ్విన బృందంలో సేబిన్ బేరింగ్-గూల్డ్ ఉన్నాడు. ఆయన మతగురువు, జానపద గేయాల సేకర్త. ఉత్సాహవంతులైన ఆ తవ్వకందారులు కొన్నిచోట్ల రాళ్ళను తిరిగి పేర్చారు కూడా, కాబట్టి ఇవాళ కనిపించే ప్రతి రాయీ కాంస్య యుగం వాళ్ళు పెట్టిందే అనుకోకూడదు. ఎముకలు దాదాపు దొరకలేదు. గ్రానైట్ మీది ఆమ్లపు మట్టి ఎముకను కరిగించేస్తుంది. చుట్టూ గోడ చూసి కోట అనుకునేవాళ్ళు ఒకసారి తలెత్తి చూస్తే చాలు, రెండు పక్కలా ఎత్తు నేల. పైనుంచి రాళ్ళు దొర్లిస్తే లోపలివాళ్ళకి దిక్కులేదు. ఆ గోడ శత్రువును ఆపడం కన్నా పశువుల్ని ఆపడానికే ఎక్కువ పనికొస్తుంది. ఆలోచించాల్సిన విషయం మరొకటుంది. ప్రతి గుండ్రటి ఇంటికీ కప్పు వెయ్యడానికి వాసాలు కావాలి, వానకాలమంతా పొయ్యి రగలడానికి కట్టెలు కావాలి. ఇవాళ గోడమీద నిలబడి చుట్టూ చూస్తే ఒక్క ఇంటికి సరిపడా కలప కూడా కనిపించదు.

గ్రిమ్స్‌పౌండ్ ఒక్కటే అయితే ఏదో తెగువ చేసిన కొద్దిమంది కథ అని సరిపెట్టుకోవచ్చు. డార్ట్‌మూర్ మీద ఇలాంటి రాతి ఇళ్ళ పునాదులు వేలల్లో ఉన్నాయి. అంతకన్నా బలమైన సాక్ష్యం రీవ్‌లు. ఇవి మట్టీ రాళ్ళూ కలిసిన పొట్టి గట్లు, సగం గడ్డిలో పూడిపోయి మైళ్ళ తరబడి పోతాయి. పూర్వం వీటిని పాతకాలపు బాటలనీ, మధ్యయుగపు సరిహద్దులనీ అనుకున్నారు. 1970లలో ఆండ్రూ ఫ్లెమింగ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు వాటి వెంట ఓపిగ్గా నడిచి, కొలిచి, పటం గీశాక అసలు రూపం తేలింది. అవి చేల గట్లు. సమాంతరంగా, ఒకే దిశలో, వాగులు అడ్డొచ్చినా దాటి అవతలి ఒడ్డున అదే వరుసలో సాగే గట్లు. మొత్తం పొడవు 200 కిలోమీటర్లు దాటుతుంది. రేడియోకార్బన్ కాలనిర్ణయం వాటిలో చాలావాటిని క్రీ.పూ. రెండో సహస్రాబ్ది నడిమి భాగానికి తీసుకెళ్తుంది. ఇంత నేలను ఒక పద్ధతిలో పంచుకున్నారంటే అప్పటికే అది చూపు ఆనేంత తెరిపిగా ఉండాలి. దట్టమైన అడవిలో వాగు అవతలికి సూటి గీత గియ్యడం కుదరదు. కాబట్టి అడవి పోవడం రీవ్‌ల కన్నా ముందే మొదలైంది. ఎంత ముందు అన్నది రాళ్ళు చెప్పవు. అది బురదే చెప్పాలి.

పుప్పొడి రేణువు పైపొర స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మొక్కలు తయారుచేసే వాటిలో ఇంత మొండి పదార్థం మరొకటి అరుదు. గాలి ఆడని, నీరు నిలిచిన ఆమ్లపు మట్టిలో అది వేల ఏళ్ళు చెక్కుచెదరదు. ప్రయోగశాలలో ఇసుకను కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి కడిగినా రేణువు మిగులుతుంది, మైక్రోస్కోపు కింద అది ఓక్‌దో, హేజెల్‌దో, గడ్డిదో, హెదర్ పొదదో పోల్చవచ్చు. సగం కుళ్ళిన మొక్కలతో ఏటేటా పేరుకునే పీటు మట్టిలో పై పొర కొత్తది, కింది పొర పాతది. నిలువుగా ఒక గొట్టం దింపి మట్టి తీసి, ప్రతి పొరలోనూ కొన్ని వందల రేణువులు లెక్కపెడితే ఆ చుట్టుపక్కల ఏ కాలంలో ఏ మొక్కలు ఎంత పాలు ఉండేవో అంచనా వస్తుంది. ఒక మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందని చెప్పడం లాంటిదే ఇది. 1916లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ ఈ పద్ధతిని లెక్కల రూపంలో లోకం ముందు పెట్టాడు. డార్ట్‌మూర్ మీద 1960ల నుంచి ఇయన్ సిమన్స్, ఆ తర్వాత క్రిస్ కాసెల్‌డైన్ వంటి పరిశోధకులు దీన్ని వాడారు. మంచుయుగం ముగిశాక బర్చ్, హేజెల్, ఆపైన ఓక్ వచ్చి ఈ మెట్టలో చాలా భాగాన్ని కమ్మేశాయి. వ్యవసాయం ఇంకా బ్రిటన్ చేరకముందే, దాదాపు ఎనిమిది వేల ఏళ్ళ నాటి పొరల్లో, ఎత్తు ప్రాంతంలో చెట్ల పుప్పొడి తగ్గుతూ సన్నటి బొగ్గు రేణువులు పెరుగుతూ కనిపిస్తాయి. ఆకురాల్చే తడి అడవి తనంతట తాను సులువుగా అంటుకోదు. వేటగాళ్ళు అడవి అంచును కాల్చి లేతగడ్డి పుట్టించి, మేతకు వచ్చే జింకను వేటాడేవారన్నది దీనికి ఇప్పటికి ఉన్న మెరుగైన వివరణ. రైతు వచ్చాక గొడ్డలీ మంటా మరింత పెరిగాయి. రీవ్‌ల కాలానికి చెందిన పొరల్లో గడ్డి, పచ్చికబయళ్ళ కలుపుమొక్కలు ప్రధానం, ధాన్యపు పుప్పొడి చాలా తక్కువ. అంటే ఆ గట్ల నడుమ ఎక్కువగా పండింది గింజ కాదు, మాంసం, ఉన్ని.

ఈ లెక్క మీద రెండు అభ్యంతరాలు ఉన్నాయి, రెండూ తేలిగ్గా తోసెయ్యదగ్గవి కావు. మొదటిది, పుప్పొడి గాలికి ఎగురుతుంది. మెట్ట మీది బురదలో ఓక్ రేణువు దొరికితే ఓక్ మెట్ట మీదే ఉండేదని ఎందుకనుకోవాలి, కింది లోయలోంచి వచ్చి పడి ఉండొచ్చు కదా? నిజమే, పెద్ద బురదమేటలు దూరపు పుప్పొడిని కూడా పోగుచేస్తాయి. అందుకే పరిశోధకులు చిన్నచిన్న గుంటల్లోంచి మట్టి తీస్తారు, వాటిలో పడేది ఎక్కువగా దగ్గరి చెట్లదే. అలా చూసినా అన్నిటికన్నా ఎత్తైన చోట్ల గట్టి అడవి కాకుండా హేజెల్ పొదలే ఉండేవేమో అన్న సందేహం మిగులుతుంది. దాన్ని ఒప్పుకోవడంలో నష్టం లేదు. రెండోది డచ్ పర్యావరణ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్ వేరా లేవనెత్తింది. మనిషి తాకకముందు యూరప్ అంతా మూసుకుపోయిన అడవి అన్న ఊహే తప్పు, అడవిదున్నలు, అడవిగుర్రాలు మేసి మేసి తెరిపినేలా చెట్లగుంపులూ కలగలిసి ఉండేవి అంటాడాయన. దీనిమీద తర్జనభర్జనలు బోలెడు. కానీ ఆయన మాట పూర్తిగా నిజమైనా ఇక్కడి వాదన పడిపోదు, బలపడుతుంది. మేసే నోరు చెట్టును అణచగలదనే కదా ఆయన అంటున్నది. తేడా ఆ నోరు అడవిదున్నదా, ఊరి గొర్రెదా అన్నదే.

ఇక అందరికన్నా గట్టి ప్రతివాది వాతావరణం. డార్ట్‌మూర్ నడిబొడ్డున ప్రిన్స్‌టౌన్‌లో ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన. అంత తడిలో, ఆ చల్లదనంలో, రాలిన ఆకూ కాడా పూర్తిగా కుళ్ళవు. సగం కుళ్ళి ఆగిపోయి పీటుగా పేరుకుంటాయి. స్ఫాగ్నం నాచు నీటిని పట్టి ఉంచి పని పూర్తిచేస్తుంది. ఇలాంటి దుప్పటి పీటు కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లోనూ, దక్షిణ అమెరికా కొసన టియెర్రా డెల్ ఫ్యూగోలోనూ ఉంది. అక్కడ కాంస్య యుగపు రైతులు లేరు. మరి డార్ట్‌మూర్‌లో రైతును ఎందుకు దోషిగా నిలబెట్టాలి? ఈ ప్రశ్నకు ఎత్తు చోట్ల దొరికిన ఒక సమాధి సగం జవాబిస్తుంది. వైట్‌హార్స్ హిల్ మీద, సుమారు 600 మీటర్ల ఎత్తున, పీటులో ఉన్న రాతి పేటికను 2011లో తెరిచారు. క్రీ.పూ. 1700 ప్రాంతంలో దహనం చేసిన ఒక యువ వ్యక్తి అస్థికలు, వాటిని చుట్టిన ఎలుగుచర్మం, నారతో అల్లిన బుట్ట, అంబర్ పూసలు, తగరపు పూసలు, కొయ్యతో చెక్కిన చెవి కమ్మలు. మామూలు నేలలో ఎముక కూడా మిగలని డార్ట్‌మూర్‌లో చర్మమూ బుట్టా మిగిలాయంటే అది పీటు చలవ. అంతేకాదు, రీవ్‌లు ముమ్మరంగా లేస్తున్న రోజులకే ఆ ఎత్తున పీటు ఉన్నదనడానికి అది రుజువు. కనుక నడిబొడ్డున ఉన్న ఎత్తు మెట్టల విషయంలో వాతావరణం వాదననే ఒప్పుకోవాలి. అక్కడ మనిషి బొగ్గు జాడలున్నా, నిర్ణయం చివరికి వానదే అయ్యుండొచ్చు. అయితే డార్ట్‌మూర్ అంటే ఆ ఎత్తు చోట్లే కాదు. నడకదారుల్లో ఎక్కువ భాగం పోయే దిగువ వాలుల్లో జరిగింది వేరు. చెట్టు బతికున్నంత కాలం ఆకుల మీద కొంత వానను ఆపుతుంది, వేళ్ళతో కొంత నీటిని తోడి గాలిలోకి వదులుతుంది. చెట్టు పోతే ఆ నీరంతా నేలదే. మీద హెదర్ పెరిగితే దాని ఆమ్లపు రాలుడు మట్టిలోని ఇనుమును కిందికి కడుగుతుంది. కొంత లోతున అది గట్టిపొరగా బిగుసుకుని నీరు దిగనివ్వదు. పైన బురద, కింద తాపడం. ఇది ఊహ కాదు. కాంస్య యుగపు దిబ్బల కింద కప్పబడిపోయిన నేలల్ని జి. డబ్ల్యు. డింబుల్‌బీ 1962 నాటి తన అధ్యయనంలో బ్రిటన్ మెట్టభూముల్లో పలుచోట్ల పరిశీలించి, అడవి నేల బీడు నేలగా దిగజారిన క్రమాన్ని చూపించాడు.

వాతావరణవాదికి మరో పట్టు హౌండ్ టార్ దగ్గరి పాడుబడ్డ ఊరు. కారు ఆపిన చోటునుంచి బండల గుట్ట మీదుగా పావుగంటలో చేరే ఈ చోటును 1961-75 మధ్య తవ్వారు. పొడుగాటి రాతి ఇళ్ళు, ఎగువ కొసన మనుషులు, దిగువ కొసన పశువులు. కొట్టం నడుమ పేడనీళ్ళు బయటికి పోయే కాలువ ఇప్పటికీ కనిపిస్తుంది. కొన్ని కొట్టాల్ని తర్వాత గింజలు ఆరబెట్టే బట్టీలుగా మార్చారు. కోసిన పంట ఎండక తడిసిపోయే రోజులొచ్చాయని దీనికి అర్థం చెబుతారు. పద్నాలుగో శతాబ్దపు చలీ వానా, 1348లో వచ్చిన మహామారి కలిసి ఊరిని ఖాళీ చేయించాయన్నది ప్రచారంలో ఉన్న వివరణ. వాటిలో దేని వాటా ఎంతో తేల్చడం కష్టం. మన వాదనకు ఆ లెక్క అవసరం కూడా లేదు. ఊరు పోయి ఆరు వందల ఏళ్ళు. తిండిగింజ పండించడం మానేశారు, ఇళ్ళ కప్పులు కూలాయి, అయినా ఇళ్ళ మధ్య అడవి లేవలేదు. ఎందుకంటే వెళ్ళిపోయింది మనిషే, మంద కాదు. డెవన్ పల్లెలవాళ్ళు ఎండాకాలంలో గొడ్లనీ గొర్రెలనీ మెట్టమీదికి తోలడం మధ్యయుగాల నుంచీ ఆనవాయితీ, ఆ ఉమ్మడి మేత హక్కులు ఇప్పటికీ ఉన్నాయి. గ్రిమ్స్‌పౌండ్ మూడు వేల ఏళ్ళుగా ఖాళీ, దాని చుట్టూ గడ్డి మాత్రం మూతిమూతికీ కొరుకుడు పడుతూనే ఉంది. శిథిలాన్ని చూసి ‘మనిషి ఓడిపోయాడు, ప్రకృతి తిరిగి తీసుకుంది’ అనేవాళ్ళు ఈ గొర్రెల్ని లెక్కలోంచి తప్పిస్తున్నారు.

అసలు పరీక్ష మొదట్లో చెప్పిన ఓక్ వనం, విస్ట్‌మన్స్ వుడ్‌లో జరుగుతోంది. టూ బ్రిడ్జెస్ నుంచి వెస్ట్ డార్ట్ నది వెంబడి రెండు కిలోమీటర్లు, పెద్దగా ఎత్తుపల్లాలు లేని దారి. 380 నుంచి 435 మీటర్ల ఎత్తున, కొద్ది హెక్టార్లలో, వంకర్లు తిరిగిన ఓక్ చెట్లు. కొమ్మకొమ్మకీ నాచు, ఫెర్న్, లైకెన్. చెట్టు మొదలు చూద్దామంటే నేల కనిపించదు. మనిషంత గ్రానైట్ బండలు, వాటి సందుల్లోంచి చెట్లు. హైదరాబాద్ చుట్టూ బండమీద బండ పేర్చినట్టుండే గుట్టలకూ టార్‌లనే డార్ట్‌మూర్ బండ గుట్టలకూ పుట్టుక ఒకలాంటిదే, గ్రానైట్ పగుళ్ళలోకి నీరు దిగి లోపల్లోపల మెత్తబరచడం. వయసులో పోలికే లేదు, అక్కడిది 28 కోట్ల ఏళ్ళది, మనది 250 కోట్ల ఏళ్ళ నాటిది. డార్ట్‌మూర్‌కి అదనంగా కలిసొచ్చింది మంచుయుగపు గడ్డచలి. పగుళ్ళలో నీరు గడ్డకట్టి, బండల్ని విరిచి, వాలంతా పరిచింది. ఆ బండల మధ్య గొర్రె కాలు పెట్టలేదు, మూతి చేర్చలేదు. అక్కడ పడ్డ ఓక్ కాయ మొలిచి తల పైకెత్తేదాకా బతుకుతుంది. డార్ట్‌మూర్ ఎత్తున మిగిలిన ఓక్ వనాలు మూడే, ఇదీ, బ్లాక్ టార్ బేర్, పైల్స్ కాప్స్. మూడూ బండల వాలుల మీదే ఉన్నాయి. గ్రిమ్స్‌పౌండ్ ఎత్తుకు ఇంచుమించు సమానమైన ఎత్తు, అదే వాన, అదే గాలి. ఒకచోట చెట్టు ఉంది, మరోచోట లేదు.

బండలు గాలి నుంచి కూడా కాపాడతాయి కదా, అక్కడ నీరు నిలవదు కదా అనొచ్చు. అందులో కొంత నిజం ఉంటుంది. కానీ బండల చాటు లేని వాలుల మీద కూడా మేత ఆపితే ఏమవుతుందో స్కాట్లండ్‌లో చూశారు. క్రేగ్ మెగీ అభయారణ్యంలో 1980ల నడుమ నుంచి జింకల సంఖ్య తగ్గించాక, నాటకుండానే బర్చ్ వనం వాలు మీదికి ఎక్కింది. డార్ట్‌మూర్ కన్నా చలి ఎక్కువున్న చోటది. ఇంకొక ప్రశ్న విస్ట్‌మన్స్ వుడ్ పెరుగుదల గురించి. పదిహేడో శతాబ్దం మొదట్లో ఈ చెట్లు మనిషి ఎత్తుకు మించలేదని వర్ణనలున్నాయి. 1866లో వెంట్‌వర్త్ బుల్లర్ అనే ఆయన ఒక చెట్టు నరికించి వలయాలు లెక్కిస్తే 168 ఏళ్ళు తేలింది. ఆదిమ వృక్షాలన్న ఊహకు అదొక చల్లటి నీటి చెంబు, అయితే కొన్ని చెట్లకు నాలుగైదు వందల ఏళ్ళుంటాయని తర్వాతి అంచనా. ఇరవయ్యో శతాబ్దంలో చెట్ల ఎత్తు ఇంచుమించు రెట్టింపయింది, 1900 తర్వాత అంచుల్లో కొత్త ఓక్‌లు లేచి వనం విస్తీర్ణమూ దాదాపు రెట్టింపయింది. ఇది వేడెక్కిన వాతావరణం చలవ అని కొందరంటారు. ఎత్తు పెరగడానికి అది సరైన కారణమే అనిపిస్తుంది. కానీ ఆ వెచ్చదనం మెట్టంతటికీ ఒకేలా అందింది. వనం మాత్రం బండలు తోడున్న చోటే జరిగింది, పక్కనే ఉన్న పచ్చికలోకి కాదు.

ఇంతా ఒప్పుకున్నాక వచ్చే ప్రశ్న, మనిషి చేసిన బీడైతే దాన్ని కాపాడడం దేనికి, గొర్రెల్ని దింపేసి అడవికి వదిలెయ్యొచ్చు కదా అని. ఈ తొందర నాకు నచ్చదు. చెట్ల వేళ్ళూ ఫెర్న్ పొదలూ కమ్మితే రీవ్‌లు, ఇళ్ళ పునాదులు చెదిరిపోతాయి, ఇవాళ అవి చదవడానికి దొరుకుతున్నది నేల తెరిపిగా ఉండబట్టే. ఎత్తు మెట్టల మీది లోతైన పీటు కర్బనపు నిల్వ, అక్కడ కావలసింది స్ఫాగ్నమూ నీరూ, చెట్టు కాదు. పైగా మందను తీసేస్తే ఎప్పుడూ అడవే రాదు. 1970, 80లలో తలకింత అని ఇచ్చిన సబ్సిడీలు గొర్రెల సంఖ్యను పెంచాయి. తర్వాత పర్యావరణ పథకాలు దాన్ని తగ్గించాయి. ఖాళీ అయిన చోట చాలావరకు లేచింది ఓక్ కాదు, మోలీనియా అనే దుబ్బుగడ్డి. అది మిగతా మొక్కల్ని ఊపిరాడనివ్వదు, గొర్రె దాన్ని అంతగా తినదు, వేసవిలో ఆవులూ పోనీలూ తినాలి. 2023 డిసెంబరులో డేవిడ్ ఫర్స్‌డన్ అధ్యక్షతన వెలువడిన సమీక్ష ఈ గడ్డి సమస్యను ముందుకు తెచ్చింది. ఎన్ని పశువులు అన్నది సగం ప్రశ్న, ఏ పశువు, ఏ నెలలో, ఏ వాలు మీద అన్నది మిగతా సగం. విస్ట్‌మన్స్ వుడ్ ఉన్న భూమి యజమాని డచీ ఆఫ్ కార్న్‌వాల్ 2040 నాటికి ఆ వనాన్ని రెట్టింపు చేస్తామని ప్రకటించింది. రెట్టింపు కావాలంటే ఓక్ బండలు వదిలి పచ్చికలోకి దిగాలి. కౌలు రైతుల మందల్ని కాస్త పక్కకు తిప్పితే చాలునా, దుబ్బుగడ్డి అడ్డుపడుతుందా, ఇనుపపొర మీద నిలిచిన నీరు మొలకను చంపుతుందా అన్నవి అక్కడే తేలతాయి. పచ్చికలో ఓక్ నిలిస్తే ఇక్కడ చేసిన వాదన నిలిచినట్టు. మేత ఆపినా నిలవకపోతే, ఆ వాలుల విషయంలో కూడా వానే గెలిచిందని ఒప్పుకోవాలి.